ఎవరి చదువు? ఎవరి లెక్క?

మామిడిపళ్ల బుట్టలు అడుగంటే వేళకి మా విజయనగరంలో ఏ ఇంటి గుమ్మం ఎక్కినా ఒకటే ప్రశ్న. "మీ అమ్మాయి ఏం తీసుకుంటోందండీ?" ఇదివరకు పెళ్లిచూపులయ్యాక "అబ్బాయి ఏం తీసుకుంటాడండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకీ ఈ ప్రశ్నకీ చుట్టరికం ఉందేమోనని నాకో అనుమానం. రెండింట్లోనూ మాట్లాడేది పెద్దలే. అసలు మనుషులు పక్కగదిలో ఉంటారు.

ఇంటరు పాసైన పిల్ల ఏం చదవాలో చెప్పలేనివాళ్లు ఈ ఊళ్లో లేరు. పాలాయన చెబుతాడు. తోటికోడలి తమ్ముడు అమెరికా నుంచి ఫోనులో చెబుతాడు. కంప్యూటర్సు కాకుండా మరో పేరెత్తితే మాత్రం, "ఒంట్లో బాగుందా?" అన్నట్టు చూస్తారు. ఇంజనీరింగు వద్దనుకుని డిగ్రీకి వెళ్లినా చిక్కు తప్పదు. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజరు అనే పద్ధతి ప్రవేశపెట్టారు. అంతకుముందు మూడు సబ్జెక్టులు కలిపి చదివేవారు. అందులో ఒకటి గిట్టకపోయినా మిగతా రెండూ ఆదుకునేవి. ఒక్కగానొక్క మేజరు అనేసరికి, ఒక్కగానొక్క పిల్లకి సంబంధం చూసినంత హడావుడి అయిపోయింది.

ఆ ఒక్కటీ ఎవరు ఎంచాలి? "ఫీజు కట్టేది మేం కదా" అంటారు తల్లిదండ్రులు. నిజమే. "చదివేది నేను కదా" అంటుంది పిల్ల. అదీ నిజమే. ఇద్దరివీ నిజాలే అయినప్పుడు ఇంట్లో జరిగేది చర్చ కాదు, అన్నం మానెయ్యడం.

పెద్దవాళ్ల దగ్గరున్న గట్టి ఆయుధం "అది చదివితే ఏమొస్తుంది?" అన్న మాట. ఈ మాట మా ఊళ్లో అనేముందు కాస్త ఆలోచించుకోవాలి. మా మహారాజా కళాశాలలో చదువుకున్న గురజాడ అప్పారావుగారు 1886లో బి.ఏ. పాసయ్యారు. ఆయన ప్రధానంగా చదివింది తత్వశాస్త్రం, దానికి తోడు సంస్కృతం. తత్వశాస్త్రం చదివితే ఏమొస్తుంది? కన్యాశుల్కం వస్తుందని ఆనాడు ఏ జ్యోతిష్కుడైనా చెప్పగలిగేవాడా? ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారికి చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్యులేషన్ అవగానే కాలేజీ మాట పక్కనపెట్టి, 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిపోయారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా బి.ఏ. కట్టారు. అందులో ఆయన విషయం చరిత్ర. చరిత్ర చదివినాయన కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణమూ, నిఘంటువూ తయారుచేశారు. ఇవాళ మీరూ నేనూ ఇలా మాట్లాడుకున్నట్టు రాసుకుంటున్నామంటే అందులో ఆ ఇద్దరి చలవా ఉంది.

అంతమాత్రాన ఏది చదివినా ఒకటే అనడం లేదు నేను. గురజాడలు ఏటేటా పుట్టరు, ఫీజు గడువులు మాత్రం ఏటేటా వస్తాయి. చెప్పొచ్చేదేమిటంటే, ఫలానాది చదివితే ఫలానాది వస్తుందన్న జోస్యం మన చేతిలో లేదు. ఆ సంగతి పిల్లలకన్నా మనకేమీ ఎక్కువ తెలియదు. వాళ్లకి తెలియక మనకి తెలిసింది ఒకటే ఉంది. అది ఇంటి లెక్క.

చిత్రమేమిటంటే జోస్యం గంటలకొద్దీ చెబుతాం, లెక్క మాత్రం దాస్తాం. "డబ్బు సంగతి నీకెందుకు, నువ్వు చదువుకో" అంటాం. ఎంతో ప్రేమగానే అంటాం. ఆ పిల్ల మనకి నచ్చనిదేదో కోరిందా, దాచిన లెక్క అప్పుడు బయటికొస్తుంది. నాన్న పి.ఎఫ్. మీద తీసిన అప్పు, కుదువ పెట్టిన గొలుసు, అమ్మ పదేళ్లుగా కొనుక్కోని పట్టుచీర అన్నీ వరసగా వస్తాయి. ముందు చెబితే అది లెక్క. తరవాత చెబితే అదే దెప్పు. అంకెలు అవే, న్యాయం మాత్రం తలకిందులవుతుంది.

నా సంగతే చెబుతాను. నాకు కెమిస్ట్రీ అంటే ఇష్టం. ఇంట్లో బి.ఏ.లో చేర్పించారు. "ప్రాక్టికల్సయ్యి ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది, ఆడపిల్లవి" అన్నారు. సరేననుకున్నాను. చాలా ఏళ్లకి, అమ్మ పప్పులో రాళ్లు ఏరుతూ మాటవరసకి అనేసింది: "చీకటీ లేదు, పాడూ లేదే. అన్నయ్య ఇంజనీరింగుకి కడితే చేతిలో ఇంకేం మిగల్లేదు." నాకు బి.ఏ. మీద కోపం లేదు, అన్నయ్య మీదా లేదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే, "వాడిని చదవనివ్వండి, నేను బి.ఏ.కి వెళతాను" అని బహుశా నేనే అనేదాన్ని. ఆ ఒక్క వాక్యం నా నోటితో అనే అవకాశం నాకు లేకుండా పోయింది. తనంతట తాను వదులుకోవడంలో గౌరవం ఉంది. చెప్పకుండా తీసేసుకున్నాక ఇహ ఇవ్వడానికేం మిగులుతుంది?

కన్యాశుల్కంలో సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి తండ్రి కుదుర్చుకున్నది పద్ధెనిమిది వందలు. ఆ బేరంలో అన్నిటికన్నా దారుణం ముసలి పెళ్లికొడుకే అనుకుంటాం. అది సరే. బేరమంతా ఆ పిల్ల తలమీంచి నడిచిపోవడం మాత్రం తక్కువ దారుణమా? ఆ రోజులు పోయాయి, దేవుడి దయ. తలమీంచి లెక్కలు వేసే అలవాటు పూర్తిగా పోయిందంటారా?

మా వీధికి కూరలు తెచ్చే మనిషి కూతురు డిగ్రీలో చేరింది. "ఏం చదివిస్తున్నావే?" అని అడిగాను. "నాకేటి తెలుసమ్మా? డాక్రాకి కట్టాల్సింది ఇంత, మీ నాయన మందులకింత, మిగిలింది ఇదీ. ఇందల నీకేటి కావాలో సూసుకోయే అని మా గుంటకి సెప్పీసినాను," అంది వంకాయలు తూస్తూ. "మరి ఏం తీసుకుంది?" అన్నాను. "ఏటో మొక్కల సదువట. మొక్కలు మాకు తెలీవేటి? అదికూడా సదవాలేటి?" అని నవ్వింది. నచ్చలేదని తెలుస్తూనే ఉంది, అడ్డుపడలేదనీ తెలుస్తూనే ఉంది. దీనికి మనం పెద్ద పెద్ద పుస్తకాలు చదివి పేర్లు పెట్టాలి. ఆవిడకి తక్కెట్లో తూచినట్టు తెలిసిపోయింది.

"లేమి సంగతి చెబితే పిల్లలు బెంగపెట్టుకోరూ?" అంటారు మీరు. పెట్టుకుంటారు. అయితే లేమి తెలిసినవాళ్లందరూ కుంగిపోతారని ఎక్కడుంది? 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులు. తరువాత కొన్నేళ్లకి అక్కడ పాట నేర్చుకోవాలని ఘంటసాల వెంకటేశ్వరరావుగారు, ఇంకా కుర్రతనం వదలని వయసులో, వేలి ఉంగరం అమ్ముకుని ఈ ఊరొచ్చారు. మధూకరం ఎత్తుకుని తిని చదువుకున్నారు. తన దగ్గరేముందో ఆ కుర్రవాడికి అణాపైసలతో సహా తెలుసు. తెలిసే ఎంచుకున్నాడు. అంచేతే ఆ జోలె ఆయనకి భారం కాలేదని నేననుకుంటాను. మన పిల్లలు జోలె పట్టాలని కాదు నా ఉద్దేశం, ఆ మాట వినడానికే మనసొప్పదు. తెలిసి మోసే బరువు వేరు, తెలియకుండా నెత్తిన పెట్టే బరువు వేరు.

నాకు అసలు భయం ఇంకోచోట ఉంది. లెక్క చెప్పగానే మన ఆడపిల్లలు "నాకేదైనా పరవాలేదమ్మా" అనేస్తారు. అది మనం ఉగ్గుపాలతో నేర్పిన మాట. పెద్ద ముక్క అన్నయ్య కంచంలోకి వెళ్లడం చూస్తూ పెరిగిన పిల్ల, పెద్ద ఫీజు కూడా అటే వెళ్లాలనుకుంటుంది. అంచేత లెక్క ఒక్కర్తికే చెబితే మళ్లీ అన్యాయమే. అబ్బాయినీ అమ్మాయినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, ఒకే కాగితం చూపించాలి. అమ్మాయి "పరవాలేదు" అంటే, "ఆ మాట వాడినీ అననీ, తరవాత చూద్దాం" అనగల తల్లి కావాలి. వదులుకోవడం గొప్పదే. ఎప్పుడూ ఒక్కళ్లే వదులుకుంటుంటే దాన్ని త్యాగం అనరు, అలవాటు అంటారు.

ఇంతకీ ఫీజు కట్టేవాళ్లకి ఏ హక్కూ లేదా అంటే, ఉంది. గది ఎంత ఉందో చెప్పే హక్కు ఉంది. కిటికీ ఎటుందో, వాన కురిస్తే ఎక్కడ కారుతుందో మనకి తెలుసు కనక అవీ చెప్పాలి. గొంతు చించుకుని చెప్పినా తప్పులేదు. అందులో మంచం ఎటు వేసుకోవాలో మాత్రం పడుకునేవాళ్లకి వదిలెయ్యాలి.

వాళ్లు గుమ్మానికి అడ్డంగా వేసుకుంటారనుకోండి. నాలుగు రోజులు మోకాళ్లకి తగిలించుకుని, తమంతట తామే జరుపుకుంటారు. మనం వేసిన మంచాన్ని మాత్రం అంగుళం కూడా జరపరు. దానిమీదే పడుకుని, నిద్ర పట్టనప్పుడల్లా మనల్ని తలుచుకుంటారు.