కొలతయు వివేకమును

అనేకదృష్టులను ప్రోగుచేసి సగటు కట్టినచో సత్యము లభించునా యను ప్రశ్న తత్త్వజిజ్ఞాసువులకు క్రొత్తది కాదు. కాని ఆ ప్రశ్నను కంటికెదుట నిలుపు యంత్రమొకటి మన కాలమున వెలసినది. 1983లో జపానుదేశపు ఒలింపస్ సంస్థ వెలువరించిన ఓఎం-4 ఫిలిం కెమెరా, దృశ్యమునందు 2 శాతము మాత్రమే యగు నడిమిభాగముతో ఛాయాగ్రాహకుడు కోరిన తావులను ఒక్కొక్కటిగా కొలిచి, 8 కొలతలవరకు జ్ఞప్తియం దుంచుకొని, వాని సగటును బట్టి ఫిలింపై పడవలసిన వెలుగును నిర్ణయించును.

అయితే ఆ కెమెరాలో వెలుగును కొలుచు మీటరు వస్తువు నెరుగదు. ప్రతిఫలించు కాంతి నొక్కదానినే గ్రహించి, తనకు చూపిన ప్రతి తావును నడితరపు బూడిదవన్నెగా నెంచుట దాని స్వభావము; కావున మంచును మాత్రమే చూపినచో తెలుపు మసకబారును, నల్లని గొంగళిని మాత్రమే చూపినచో నలుపు బూడిదవన్నెకు దిగును. ఆ కొలత ఆ తావునకు సరియైనదే. సమస్తదృశ్యమునకు తానే ప్రమాణమని నిలిచినపుడే దోషమగును. వస్తువు అనంతధర్మాత్మకమని చెప్పిన జైనదార్శనికులు, ఏకదేశమును గ్రహించు దృష్టిని నయమనియు, ఇతరదృష్టులను త్రోసిపుచ్చు నయమును దుర్నయమనియు విభజించుటలోని సూక్ష్మత ఇదియే.

ఒకే ధర్మియందు విరుద్ధధర్మములు ఏకకాలమున పొసగవనియు, నిశ్చయము లేని జ్ఞానము సంశయమువలె అప్రమాణమనియు శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున జైనుల ఈ అనేకాంతవాదమును ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ మనము తేలికగా దాటిపోదగినది కాదు. ఏలయన, దృష్టులెన్ని యున్నను ఫిలింపై ఒక చిత్రమునకు పడు వెలుగు ఒక్కటియే, నిర్ణయ మొక్కటి కావలసినదే. ఆ నిర్ణయమును సగటు చేయజాలదు. ఏడు కొలతలు మంచుపైనను, ఒక్కటి మనుష్యుని ముఖముపైనను తీసికొన్నచో ఆ ముఖము చీకటిలో మునుగును. సంఖ్యాధిక్యము సత్యమునకు సాక్ష్యము కానేరదు.

కనుకనే ఆ కెమెరాకు మరి రెండు మీటలు అమర్చిరి: 'ఇది తెలుపు' అని తెలిసినవాడు ఒకటి నొక్కినచో వెలుగు 2 స్టాపులు పెరిగి తెలుపు తెలుపుగా నిలుచును, రెండవది నొక్కినచో వెలుగు తగ్గి నలుపు నలుపుగా నుండును. ఏ తావున నేమున్నదో, దేని కెంత విలువ నీయవలయునో చెప్పువాడు ద్రష్టయే. అంతియ గాక, సగటు తేలిన పిదపకూడ ఒక్కొక్క కొలతను సూచించు గుర్తు కెమెరా కంటియందు కనబడుచునే యుండును. నిర్ణయము ఒక్కటియైనను అది తక్కిన దృష్టులను చెరిపివేయవలసిన పనిలేదని దీనివలన స్పష్టమగుచున్నది. అనేకాంతదృష్టికి నిశ్చయముతో విరోధము లేదని నా విశ్వాసము.

మతవిషయమునగాని, సంఘవిషయమునగాని పలువురి మాట నాలకించుట మన ధర్మము. కాని ఆ మాటలను కూడి భాగించి, అంతటితో మన బాధ్యత తీరినదని తలచుట ధర్మము కాదు. కావున పాఠకులారా, అన్ని తావులను ఓర్పుతో కొలువుడు. పిదప వివేకముతో మీరే నిర్ణయింపుడు.