హాజరైనవాడి కూలి

భారతీయ దర్శనాల వాదాలలో ప్రత్యర్థి సిద్ధాంతాన్ని కొట్టివేయడానికి తరచుగా ప్రయోగించే దోషాలు రెండున్నాయి. ఒకటి కృతనాశం, అంటే చేసిన కర్మ ఫలమివ్వకుండానే నశించిపోవడం. రెండవది అకృతాభ్యాగమం, అంటే చేయని కర్మకు ఫలం వచ్చి మీద పడటం. స్థిరమైన ఆత్మ లేదు, ఉన్నది క్షణక్షణం మారే ప్రవాహమేనన్న బౌద్ధ వాదాన్ని ఖండించేటప్పుడు నైయాయికులూ జైనులూ వేదాంతులూ ఈ రెండింటినే ముందుకు తెచ్చారు. చేసేవాడొకడు, అనుభవించేవాడు మరొకడు అయితే నీతికి నిలువ నీడ ఉండదని వారి వాదన. బౌద్ధులు సైతం ఈ దోషాలు తమకు అంటవని సమాధానం చెప్పుకున్నారే గాని, అవి అసలు దోషాలే కావని అనలేదు. ఈ తాత్త్వికులందరూ ఇంత పట్టుదలగా దూరంగా ఉంచిన ఈ రెండూ ఆర్థిక జీవితంలో మాత్రం సహజ పరిణామాలుగా చలామణి అవుతాయి. విహారయాత్రికుల రాక మీద, వారి కోసం లేచే కట్టడాల మీద బతికే నగరాన్ని మాంద్యం తాకితే ఏమవుతుందో 2008 నుంచి 2010 వరకు దుబాయి చరిత్ర చూపించింది.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్లలో మరొకటైన అబుధాబికి ఉన్నంత చమురు దుబాయికి లేదు. ఆ లోటును ఓడరేవు, విమానయానం, వర్తకం, పర్యాటకం, వాటితో ముడిపడిన స్థిరాస్తి వ్యాపారం పూడ్చాయి. కొన్ని ప్రాంతాలలో విదేశీయులు ఇళ్లు కొనుక్కోవచ్చునని 2002లో పాలకులు ప్రకటించిన తరువాత, పునాది కూడా పడని ఇంటిని కాగితం మీద కొని, నెలలు తిరగకముందే మరొకరికి ఎక్కువ ధరకు అమ్ముకునే బేరం ఊపందుకుంది. సముద్రంలో ఇసుక పోసి ఖర్జూరపు చెట్టు ఆకారంలో తీర్చిన పామ్ జుమేరా దీవి మీద అట్లాంటిస్ హోటల్ 2008 సెప్టెంబరులో తలుపులు తెరిచింది. అదే నెల 15న న్యూయార్కులో లేమన్ బ్రదర్స్ అనే పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. నవంబరు 20 రాత్రి ఆ హోటల్ ప్రారంభోత్సవానికి కాల్చిన బాణసంచా గురించి ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఆ నెల ముగిసేసరికి దీవిని నిర్మించిన నఖీల్ సంస్థ 500 మందిని, అంటే తన సిబ్బందిలో 15 శాతాన్ని, తొలగిస్తున్నట్లు చెప్పింది. కిలోమీటరుకు మించిన ఎత్తుతో కడతామని అక్టోబరులో చాటిన నఖీల్ టవర్ పనులు 2009 జనవరిలో ఆగిపోయాయి. ఇళ్ల ధరలు అంతకుముందున్న గరిష్ఠ స్థాయి నుంచి దాదాపు సగానికి దిగాయి.

ఇక్కడ ఒక ఆర్థిక సూత్రాన్ని వివరించుకోకపోతే తాత్త్విక ప్రశ్న సరిగా అర్థం కాదు. ఒక నగరంలో వంద హోటళ్లుండి, ఏటా మరో పది కడుతున్నారనుకుంటే, ఆ పదింటిలో పనిచేసే తాపీ మేస్త్రీలకు, సెంట్రింగ్ కూలీలకు, ఇనుము కట్టేవారికి అన్నం పెట్టేది ఉన్న వంద హోటళ్ల వ్యాపారం కాదు, ఆ వ్యాపారం రేపు ఇంకా పెరుగుతుందన్న నమ్మకం. యాత్రికుల సంఖ్య తగ్గనక్కరలేదు, పెరగడం ఆగితే చాలు, కొత్త హోటల్ అవసరం సున్నాకు చేరుతుంది. వంద హోటళ్లలోని వంటవాళ్లలో, గదులు ఊడ్చేవాళ్లలో కొందరి ఉద్యోగాలే పోతాయి. నిర్మాణంలో ఉన్నవారి ఉద్యోగాలు దాదాపు మొత్తం పోతాయి. గిరాకీలోని చిన్న కుదుపు పెట్టుబడిలో పెద్ద కుదుపుగా మారే ఈ తీరును అర్థశాస్త్రవేత్తలు త్వరణ సూత్రం అంటారు. అంటే తాము కట్టినదాన్ని జనం తిరస్కరించినందుకు దుబాయి నిర్మాణ కార్మికులు పని పోగొట్టుకోలేదు. వారు కట్టిన గదులలో అతిథులు దిగుతూనే ఉన్నారు, కాకపోతే తక్కువ అద్దెకు. వారి పని ఫలించింది, ఆ ఫలం వారికి దక్కలేదు.

ఈ కార్మికులలో తెలుగువారు తక్కువేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి గల్ఫ్‌కు దారి పడి అప్పటికే దశాబ్దాలైంది. వెళ్లేవాడు ఏజెంటుకు కట్టే సొమ్మును నూటికి రెండు, మూడు రూపాయల నెల మిత్తికి తెచ్చేవాడు. ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టేవాడు, చాలకపోతే ఇంట్లోని బంగారం తాకట్టుకు పోయేది. కార్మికుడి దగ్గర నియామకపు ఖర్చు వసూలు చేయరాదని ఎమిరేట్ల 1980 నాటి కార్మిక చట్టమే చెప్పింది. ఆ నిబంధన అమలు కావలసిన చోటు మాత్రం ఆ చట్టం చేరని పల్లె. వీసాను యజమానికి కట్టివేసే కఫాలా పద్ధతి వల్ల అప్పట్లో పని పోయిందంటే దేశంలో ఉండే హక్కు కూడా పోయినట్లే. దుబాయి శివార్లలోని సోనాపూర్ కార్మిక క్యాంపులలో పది పన్నెండు మంది ఒకే గదిలో రెండంతస్తుల మంచాల మీద ఉండే కూలీలకు ముందుగా ఓవర్‌టైమ్ ఆగిపోయింది, తరువాత జీతం నెలలు దాటింది, చివరికి కంపెనీ టికెట్ కొట్టి ఇంటికి పంపింది. అప్పు తీరకుండా తిరిగి వెళ్లలేనివారు కంపెనీ వదిలి, పత్రాలు లేకుండా దొరికిన పని చేసుకుంటూ దాక్కున్నారు. గల్ఫ్ తెలుగులో అలాంటివారిని కల్లివెల్లి అంటారు. అప్పు చేసి సముద్రం దాటిన కర్మకు రెండు మూడేళ్ల సంపాదన ఫలంగా రావలసి ఉండగా అది నడుమనే నశించింది, ఇది కృతనాశం. కాగితపు ఇళ్ల బేరం చేసినవాడి కర్మ, అతనికి అప్పిచ్చిన బ్యాంకు కర్మ, దూరదేశంలో తాకట్టు రుణాలు ఎడాపెడా పంచినవారి కర్మ కూలివాడి నెత్తిన పడ్డాయి, ఇది అకృతాభ్యాగమం.

నసీబు బాగాలేదనే మాట క్యాంపులలోనూ పల్లెలలోనూ వినిపిస్తుంది. చక్రం తిరుగుతుంది, పైకి పోయినది కిందికి రాక తప్పదని చెప్పే ఆర్థిక వ్యాఖ్యాతల మాట దానికంటే శాస్త్రీయంగా ఉంటుందిగాని, తాత్త్వికంగా రెండింటికీ పెద్ద తేడా లేదు. రెండూ కర్త లేని క్రియను చెబుతాయి. ఈ విషయంలో యోగవాసిష్ఠం వైఖరి గమనించదగినది. దైవం అనేది వేరే శక్తి కాదని, పూర్వం చేసిన పురుషప్రయత్నమే ఇప్పుడు ఆ పేరుతో ఎదురవుతున్నదని ఆ గ్రంథం వాదిస్తుంది. ఈ బోధ వ్యక్తికి ఉత్సాహమిస్తుంది, సందేహం లేదు. అయితే మాంద్యానికి అన్వయిస్తే ఆ పూర్వ ప్రయత్నం ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది కూలివాడిది కాదు. అతని రాత అని పిలిచినది నిజానికి ఇతరులు ముందే రాసుకున్న ఒప్పందాల మొత్తం, నష్టం వస్తే ఎవరి వంతు ఎంత అన్నది వాటిలో ముందుగానే తేలిపోయి ఉంటుంది. పూర్వజన్మ కర్మను ఇక్కడ సాక్ష్యానికి పిలిచే వ్యాఖ్యాతలు కర్మ సిద్ధాంతానికి మేలు చేయడం లేదు, పత్రాలు చదివే శ్రమ తప్పించుకుంటున్నారు.

ధర్మశాస్త్రజ్ఞులు ఈ శ్రమ తప్పించుకోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వ్యవహార న్యాయాన్ని చర్చించే ధర్మస్థీయమనే మూడవ అధికరణంలో కూలి గురించి ఒక చిన్న వివాదం ఉంది. పనివాడు చెప్పిన చోటికి వచ్చి సిద్ధంగా నిలబడగా యజమాని పని చేయించుకోకపోతే ఏం చేయాలి? పని జరిగినట్లుగానే ఎంచి కూలి ఇవ్వాలని పూర్వాచార్యుల మతం. కౌటిల్యుడు దాన్ని అంగీకరించడు. కూలి చేసిన పనికేగాని చేయని పనికి లేదంటాడు. అక్కడితో ఆగితే అతను నేటి కఠిన యజమానుల పక్షాన నిలిచేవాడు. కాని వెంటనే ఒక మినహాయింపు చేరుస్తాడు: కొంచెమైనా పని చేయించుకొని ఆ తరువాత యజమానే ఆపివేస్తే, మొత్తం పని జరిగినట్లే లెక్క. ఖజానా లెక్కలలో పైసా కూడా జారిపోనివ్వని ఆ రచయిత ఈ మినహాయింపును దయతో చేర్చాడని అనుకోవడం కష్టం. పని మొదలైన క్షణం నుంచి కూలివాడు మరో బేరం వదులుకున్నాడు, అతని కాలం తిరిగి రాదు. ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో ఆపినందువల్ల కలిగే నష్టమూ వారిదే కావాలన్నది అందులోని తర్కం. ఇరవయ్యవ అంతస్తులో ఆగిపోయిన కట్టడానికి ఈ సూత్రాన్ని అన్వయిస్తే, ఒప్పందంలో మిగిలిన నెలల కూలి దయాధర్మం కాదు, బాకీ.

విచిత్రమేమిటంటే, కౌటిల్యుడు తోసిపుచ్చిన పూర్వాచార్యుల మతాన్నే దుబాయి సొంత ధర్మసంప్రదాయంలోని ఒక శాఖ ఒక తరగతి కార్మికుల విషయంలో స్వీకరించింది. ఇస్లామిక్ న్యాయశాస్త్రంలో హనఫీ సంప్రదాయం పనివారిని రెండు రకాలుగా చూస్తుంది. దర్జీలాగా, అద్దకంవాడిలాగా పదిమందికీ పనిచేసేవాడు అజీర్ ముష్తరక్. అతనికి కూలి పని పూర్తయితేనే. నిర్ణీత కాలానికి ఒకే యజమానికి తన్ను తాను అప్పగించుకున్నవాడు అజీర్ ఖాస్. ఆ కాలమంతా పనికి సిద్ధంగా ఉంటే చాలు, యజమాని పని చెప్పకపోయినా జీతానికి హక్కుంటుంది. 1869, 1876 మధ్య ఒట్టోమన్ సామ్రాజ్యంలో క్రోడీకరించిన మెజెల్లె అనే పౌర స్మృతి దీన్ని సూటిగా శాసించింది. కఫాలా కింద ఇతర యజమాని దగ్గరకు పోవడానికి వీలులేని కూలివాడికంటే అజీర్ ఖాస్ లక్షణాలు నిండుగా ఉన్నవాడు ఎవరుంటారు? అతన్ని కట్టివేయడంలో అజీర్ ఖాస్‌గా, డబ్బివ్వడంలో అజీర్ ముష్తరక్‌గా చూసిన విధానం మత ధర్మం నుంచి పుట్టినది కాదు. సౌకర్యం నుంచి పుట్టినది.

ఇదే సంప్రదాయంలో లాభం ఎవరిదో నష్టభారమూ వారిదేనన్న సూత్రం ఒకటుంది. వడ్డీ నిషేధానికి చెప్పే సమర్థనలలో ప్రధానమైనది ఇదే. అసలుకు భద్రత ఉంచుకొని నష్టంలో పాలు పంచుకోకుండా లాభం తీసుకోవడం అన్యాయం గనుక, వడ్డీ పత్రాలకు బదులుగా సుకూక్ అనే పత్రాలు వచ్చాయి. వీటిని కొన్నవాడు సూత్రరీత్యా రుణదాత కాడు, ఒక ఆస్తిలో వాటాదారుడు, అతనికి వచ్చేది వడ్డీ కాదు, ఆ ఆస్తి మీద అద్దె. నఖీల్ జారీ చేసిన దాదాపు 350 కోట్ల డాలర్ల సుకూక్ గడువు 2009 డిసెంబరు 14. అంతకు ముందు నవంబరు 25న నఖీల్ మాతృసంస్థ దుబాయి వరల్డ్ చెల్లింపులు ఆరు నెలలు వాయిదా వేయమని కోరగా ప్రపంచ మార్కెట్లు అదిరిపడ్డాయి. వాటాదారులన్న పేరుతో ఉన్నవారు ఆ రోజుల్లో వాటాదారులలాగా మాట్లాడలేదు. అప్పులవాళ్లలాగా అసలు అడిగారు. గడువు రోజునే అబుధాబి 1,000 కోట్ల డాలర్లు ప్రకటించింది, అందులోనుంచి సుకూక్ బాకీ పూర్తిగా తీరింది. పెద్ద కాంట్రాక్టర్లకు తరువాతి సంవత్సరం 40 శాతం నగదు, 60 శాతం కొత్త సుకూక్ ఇస్తామన్నారు. ఆ కాంట్రాక్టర్ల వెనుక వరుసలో ఉన్న కూలివాడికి ఏ పత్రమూ లేదు. నష్టంలో వాటా ఒప్పుకొని సంతకం చేసినవాడు నష్టం లేకుండా బయటపడ్డాడు, లాభంలో వాటా ఎన్నడూ లేనివాడు నష్టమంతా మోశాడు. చాలా సుకూక్‌లు అసలుకు హామీ ఇస్తూ షరియా ఉద్దేశాన్ని దెబ్బతీస్తున్నాయని పాకిస్తాన్ పండితుడు ముఫ్తీ తకీ ఉస్మానీ 2007లోనే విమర్శించారు.

2009 డిసెంబరులోనే దుబాయి వరల్డ్ సగం వాటాదారుగా ఉన్న సిటీసెంటర్ సముదాయం అమెరికాలోని లాస్ వేగాస్‌లో తెరుచుకుంది. అదీ యాత్రికుల నగరమే. అక్కడా నిర్మాణం కుప్పకూలింది, సగం లేచిన హోటళ్లు ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాయి. అయితే నెవాడా రాష్ట్రంలో పని పోయినవాడికి నిరుద్యోగ భృతి ఉంది, ఆ మాంద్యంలో కేంద్ర ప్రభుత్వం పొడిగించగా అది గరిష్ఠంగా 99 వారాల వరకు అందింది. దాని మూలనిధి యజమానులు కట్టే పన్ను. ఎమిరేట్లు 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలనే వేతన రక్షణ విధానాన్ని తెచ్చాయి, 2023 జనవరి నుంచి నిరుద్యోగ బీమాను తప్పనిసరి చేశాయి. మొదటిది చేసిన పనికి కూలి ఖాయం చేస్తుంది, కౌటిల్యుని మొదటి వాక్యం అంతే. రెండవది మినహాయింపు వైపు ఒక అడుగు వేసింది: పని పోయినవాడికి మూల జీతంలో 60 శాతం, మూడు నెలల దాకా. కాని తక్కువ జీతగాళ్ల తరగతిలో నెలకు 5 దిర్హాముల ప్రీమియం కట్టేది కార్మికుడే. మొత్తం చిన్నది, నిజమే; ఆపే అధికారం ఒకరిదిగా, ఆపినందుకు బీమా ఖర్చు మరొకరిదిగా ఉండటం మాత్రం చిన్న విషయం కాదు.

పూర్వాచార్యులూ కౌటిల్యుడూ హనఫీ పండితులూ ముగ్గురూ ఊహించని ఒక వ్యక్తి ఈ చర్చ వెలుపల మిగిలిపోతాడు. వీసా వచ్చిందని ఏజెంటుకు సొమ్ము కట్టి, విమానం ఎక్కడానికి బొంబాయి వెళ్లే ముందే పని రద్దయిందన్న కబురు విన్నవాడు పని మొదలుపెట్టలేదు, పని చోట హాజరూ కాలేదు. ప్రాచీన గ్రంథాల ప్రకారం అతనికి రావలసినది ఏమీ లేదు. ఆ శాస్త్రాలు పుట్టిన లోకంలో కూలివాడు ఉదయం ఇంటినుంచి నడిచి పని చోటికి వచ్చేవాడు, హాజరు కావడానికి అతనికయ్యే ఖర్చు ఆ నడకే. హాజరు కావడానికే రెండేళ్ల సంపాదనను ముందుగా తాకట్టు పెట్టవలసిన కాలంలో, హాజరు పని చోట కాక పల్లెలో ప్రామిసరీ నోటు మీద సంతకంతోనే మొదలైనట్లు ఎంచాలి. అప్పుడు ఆ అప్పులో పిలిచినవాడి వంతు ఎంత అన్నది లెక్క కట్టవలసిన ప్రశ్న అవుతుంది, ప్రస్తుతం ఆ నోటు మీద ఉన్నది అప్పు తీసుకున్నవాడి పేరు, జామీనుదారుడి పేరు మాత్రమే.