ఎడారిలోని మౌనము

పొరుగువానిని ప్రేమింపుమని క్రైస్తవ ధర్మము బోధించును. అట్టి ధర్మము నవలంబించినవాడు జనులను వీడి, నోరు మూసికొని, ఒంటరిగా కూర్చుండుట న్యాయమేనా? ఇది అన్యమతస్థులు పుట్టించిన శంక కాదు. నాలుగవ శతాబ్దమున బాసిల్ అను క్రైస్తవాచార్యుడే దీనిని లేవనెత్తెను. వినయమును, సహనమును అభ్యసించుటకు ఎదుట మరియొక మనుష్యు డుండవలెను గదా యని ఆయన వాదము. సన్న్యాసులు కలసి జీవించుటయే మేలని ఆయన నిర్ణయించెను.

ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను ఐగుప్తు దేశపు ఆంటొనీ చరిత్రను దీని ప్రక్క నుంచి చూడవలెను. ఇంచుమించు ఇరువదియేండ్ల ప్రాయమున ఆయన సువార్త పఠనము విని, పిత్రార్జితమైన భూములను గ్రామస్థుల కిచ్చివేసెను. పిదప పాడుపడిన యొక కోటలో దాదాపు 20 సంవత్సరములు ఏకాంతముగా వసించెను. వెలుపలికి వచ్చిననాడు ఆయన శరీరము కృశింపలేదనియు, మనస్సు చలింపలేదనియు, దుఃఖితుల నోదార్చి కలహించినవారిని కలిపెననియు చరిత్రకారుడు అథనేసియసు వ్రాసియున్నాడు. 311లో అలెగ్జాండ్రియా పురమున క్రైస్తవులను హింసించుచుండగా ఆయన అచ్చటికేగి, గనులలోను చెరసాలలలోను మ్రగ్గువారికి పరిచర్య చేసెను. హింస చల్లారినంతనే మరల తన కుటీరమునకు పోయెను. ఆ ఏకాంతము పిరికితనమే యైనచో, ప్రాణాపాయము గల నగరమునకు ఆయన పోనేల?

నాలుకను కట్టివేసినంత మాత్రమున మౌనము సిద్ధింపదు. అగథాన్ అను ఎడారి తపస్వి మౌనాభ్యాసమునకై మూడేండ్లు నోటిలో రాయి నుంచుకొనెనని చెప్పుదురు. రాయి మాటను ఆపవచ్చును, పరదూషణ చేయు తలపును ఆపునా? పెదవి కదపకయే హృదయమున ఇతరులను నిందించువాడు వాచాలుడే యని పీమెన్ అను మరియొక వృద్ధ తపస్వి తలచెను. మౌనవ్రతము పట్టి సైగలతో ఇంటిల్లిపాదిని అదలించువారిని ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

1084లో బ్రూనో అను పండితుడు ఆరుగురు సహచరులతో ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ సమీపపు కొండలలో స్థాపించిన షార్ట్రూజ్ మఠమున ఈ రెండు మార్గములును కలిసినవి. అచ్చట ఒక్కొక్క సన్న్యాసికి వేరుగా కుటీరము, చిన్న తోట కలవు. భోజనము గోడలోని చిన్న కిటికీ గుండ అందును. అర్ధరాత్రి ప్రార్థనకు అందరును దేవాలయమున చేరుదురు. వారమున కొకసారి కలసి కొండదారుల నడచుచు సంభాషింతురు. ఆ నడకయు నియమములోనిదే. బాసిల్ కోరిన ఆ రెండవ మనుష్యుని వారు బొత్తిగా తొలగింపలేదు. పన్నెండవ శతాబ్దమున మఠాధిపతియైన గీగో గ్రంథములకు ప్రతులు వ్రాయుటను ముఖ్యమైన పనిగా విధించెను. నోటితో బోధింపజాలని తాము చేతులతో బోధింపవచ్చునని ఆయన భావము.