ఆలసించిన బిల్లు

పనివారి నష్టపరిహారపు బీమాలో ఒక చిక్కు గలదు. ఏడాది మొదట యజమాని తాను ఇవ్వబోవు జీతములను అంచనా కట్టి ప్రీమియం చెల్లించును. గడువు తీరిన పిదప అసలు జీతముల లెక్క చూచి, అంచనా తక్కువైతే మరికొంత కట్టవలెను. ఎక్కువైతే వాపసు రావలెను. కంపెనీవారు వెంటనే తేల్చినచో పేచీ లేదు. రెండేండ్లు ఊరకుండి, చిట్టా ఆవర్జాలు ముగిసి, లాభము పంచుకొని, ఒక భాగస్థుడు విడిపోయిన తరువాత బిల్లు పంపినారనుకొందము. సరుకు ధరలో ఆ ఖర్చు కలుపలేదు. ఇప్పుడెక్కడ నుండి తెచ్చుట?

"జాప్యము వారిది, మనకేమి?" అనుట సులభము. కాని ఆడిటులో తరచు బయటపడునది జీతాల పుస్తకమున కెక్కని హమాలీల కూలియే. ఆ యేట వారిలో ఒకని మీద బస్తా పడియుంటే, ఇదే యజమాని "వాడు మా మనిషే" అని కంపెనీకి వ్రాసియుండును గదా! ఆ పూచీని కంపెనీ ఏడాది పొడుగునా మోసినది.

1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ఇట్టి బాకీకి 3 సంవత్సరములే గడువు. అది దాటితే దావా చెల్లదు. బాకీ మాత్రము చెరిగిపోదు. తత్త్వార్థసూత్రము సత్యవ్రతపు అతిచారములలో న్యాసాపహారమును చేర్చినది. సొమ్ము దాచినవాడు మొత్తము మరచి తక్కువ అడిగితే, ఔనని అంతే ఇచ్చి ఊరకుండుట అది. ఎదుటివాని మరపును లాభముగా జమకట్టుటయే అందలి దోషము.

అయితే అడిగినదెల్ల కట్టవలెనని కాదు. పద్దు పద్దుకు లెక్క చూపుమనవచ్చును. తమ జాప్యమునకు తామే వడ్డీ వేసికొన్నచో కాదనవచ్చును. విడిపోయిన భాగస్థుడు ఆ యేటి లాభము తీసికొన్నాడు గనుక, ఈ ఖర్చులో అతని వంతు అతనిదే.