చిన్న కంపెనీలో సమ్యక్ ఆజీవం

ఉపాసకులు చేయకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. ఇందులో సాఫ్ట్‌వేర్ లేదు. కాబట్టి జగదల్‌పూర్‌లో ఏడుగురమే ఉన్న మా కంపెనీలో నేను సంపాదించేది సమ్యక్ ఆజీవమేనని చాలాకాలం నమ్మాను.

బస్తర్ గ్రామాల్లో కుటుంబాల వివరాలు నమోదు చేసే ఫారం ఒకటి తయారుచేశాం. రాసింది నేనే, పరీక్షించింది నేనే, ఊళ్లకు వెళ్లి నేర్పిందీ నేనే. చిన్న కంపెనీ అంటే అంతే. పుట్టిన తేదీ నింపనిదే ఆ ఫారం ముందుకు కదలదు. ఆ షరతు ఎవరూ అడగలేదు. లెక్క చక్కగా ఉంటుందని నేనే పెట్టాను.

ఒక ఊళ్లో ఒక గోండు అవ్వ వచ్చింది. ఆమెకు వచ్చింది గోండీ, తెర మీద ఉన్నది హిందీ. పుట్టిన తేదీ ఆమెకు తెలియదు. నమోదు చేసే కుర్రాడు ముఖం చూసి ఒక సంవత్సరం ఊహించి, జనవరి 1 అని కొట్టాడు. ఫారం కదిలింది. వయసు 58 అని చూపింది. వృద్ధాప్య పింఛనుకు 60 నిండాలి. ఆమె మనవరాలికే ఇద్దరు పిల్లలు.

నేను కీడు తలపెట్టలేదు. సంకల్పమే కర్మ అయితే నా దోషమేమిటి? కానీ తథాగతుడు రాహులుడికి ఇంకో మాట కూడా చెప్పాడు. పని చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, దానివల్ల నీకు గానీ పరులకు గానీ బాధ కలుగుతుందా అని చూసుకోమన్నాడు. నేను ముందూ చూడలేదు, చేస్తున్నప్పుడూ చూడలేదు. అది ప్రమాదం, అంటే ఏమరుపాటు.

పెద్ద కంపెనీలో అయితే ఆ అవ్వ నా కంటపడేదే కాదు. అడిగేది ఒకరు, రాసేది ఒకరు, వాడేది ఇంకొకరు. బాధ్యత ఎవరి వాటాకూ రాదు. చిన్నచోట తప్పించుకునే సందు లేదు. అదే దాని మేలు.

వేరే దారి ఉందని ఈ ప్రాంతమే చూపింది. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వరకు చదువురానివాళ్లు కూడా మామూలు ఫోన్ చేసి, గోండీలోనే తమ కష్టం చెప్పుకోగలిగారు. అక్కడ యంత్రం మనిషి దగ్గరికి వెళ్లింది. నా ఫారంలో మనిషే యంత్రానికి సరిపడాల్సి వచ్చింది.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తాననేది ఒకటి. ఆ మార్గంలో ఆజీవం ఒక అంగం. ఏం అమ్ముతున్నామన్నదే కాదు, అది చివరికి ఎవరి మీద పడుతోందన్నదీ అందులోని ప్రశ్నే.

తేదీ తెలియనివారికి ఊరివాళ్లు చెప్పిన వయసు రాసే గడి చేర్చాను. ఒక పూట పని. అప్పటికే వెళ్లిపోయిన పేర్లను సరిచేయించడానికి ఇంకా తిరుగుతున్నాను. దానికి జీతం లేదు. అయినా అది నా పనే.