అనుమానము – అపనింద

భాద్రపద శుద్ధ చవితినాడు శ్యమంతకోపాఖ్యానము వినని తెలుగు గృహము అరుదు. కదిరి మొదలు పెన్నహోబిలము వఱకు గల అనంతపురపు మెట్టసీమలో, చెఱువులు నిండక వేరుసెనగ చేలు నిలువున ఎండిన సంవత్సరమునందైనను, ఆ దినమున పత్రి దెచ్చి, కథ చెప్పుకొని, అక్షతలు శిరమున ధరించుట మానరు. నీలాపనిందలు తమ మీద పడకుండుటకే ఆ అక్షతలని పెద్దలు చెప్పుదురు. అయితే ఆ కథలో నింద మోసినవాడు ఒక్కడు. నింద మోపినది పురమంతయు. వినువారెల్లరు తమను ఆ ఒక్కనితోనే పోల్చుకొందురు గాని, ఆ పురజనులతో పోల్చుకొనువారు కానరారు. అక్షతలు ధరించిన శిరమునందే నాలుకయు ఉన్నదని మఱచుటచేత కథాశ్రవణములో సగము వ్యర్థమగుచున్నది.

ఈ మఱపు ఎంతటి కీడు చేయునో తెలియవలెనన్న, బిడ్డ హత్యకు గుఱియై, హంతకుడెవ్వడో తేలని ఇంటిని తలచుకొనవలెను. ఆ ఇంటికి మొదట దుఃఖము వచ్చును. పిదప రక్షకభటులు వత్తురు. ఆ వెనుక లోకము వచ్చును. రచ్చకట్ట మీద, బస్సులో, టీకొట్టు కడ, టీవీ వార్తలలో, చేతిలోని సెల్‌ఫోనులో ఒకే ప్రశ్న వినవచ్చును: "ఇంటివారే చేసియుందురా?" నెల తిరుగకముందే ఆ వాక్యములోని ప్రశ్న రాలిపోయి, "ఇంటివారే చేసిరి" అన్న మాట మిగులును. బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రుల ముఖమును, మాటను, నడవడిని చూచి ఇట్లు ఊహించి పలుకు అధికారము ఇతరులకు కలదా? ఇది ధర్మవిచారమునకు తగిన ప్రశ్న.

భాగవత దశమస్కంధమునందలి కథను మఱల ఒకసారి పరికింపవలెను. సత్రాజిత్తు కడ దినమునకు ఎనిమిది బారువుల బంగారము నొసగు మణి ఉండెను. దానిని యదురాజునకిమ్మని శ్రీకృష్ణుడు ఒకప్పుడు అడుగగా అతడు ఈయలేదు. తరువాత సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు ఆ మణిని మెడను ధరించి వేటకేగి తిరిగి రాలేదు. తోబుట్టువును పోగొట్టుకొన్న సత్రాజిత్తు, కృష్ణుడే చంపియుండునని దుఃఖములో ఒక మాట అనెను. ఆ మాట చెవినుండి చెవికి ప్రాకి ద్వారకయంతయు నిండెను. ఆ పురజనులు దుష్టులు కారు. నిత్యము కృష్ణుని దర్శించుచుండినవారే. వారి తర్కము కూడ పైకి చూడ సరిగానే ఉన్నది: కృష్ణుడు మణి నడిగెను, మణి దొరకలేదు, మణి ధరించినవాడు మరణించెను. కాని ప్రసేనుని చంపినది సింహము. సింహమును చంపినవాడు జాంబవంతుడు. ఆ మణి గుహలో ఒక పసిబిడ్డకు ఆటవస్తువై ఉండెను. ఈ సత్యము ద్వారకలో ఎవరి ఊహకును అందలేదు.

తెలుగు వాడుకలో "అనుమానము" అనగా సందేహము. శాస్త్రమునందు అనుమానమనగా ప్రమాణము. ఒకే మాట ఇంత భిన్నముగా వాడబడుటలోనే చిక్కంతయు ఉన్నది. ఆంధ్రదేశమున జన్మించిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును పాఠశాలలలో బాలురు నేటికిని చదువుచున్నారు. కొండ మీద పొగ కనబడినచో నిప్పు కలదని నిర్ణయించుటకు, పొగ ఉన్నచోట నెల్ల నిప్పుండునను వ్యాప్తి తెలిసియుండవలెను; కనబడినది నిజముగా పొగయే కావలెను. వ్యాప్తి చెడినను, హేతువు అసిద్ధమైనను అది హేత్వాభాసము, అనగా హేతువువలె కనబడు దోషము మాత్రమే. మునిమాపు వేళ దూరమున కనబడినది మోడా, మనిషియా అని తోచుట సంశయము. అది నరులకు సహజము. మోడును చూచి మనిషియేయని తీర్మానించుట విపర్యయము. దానిని పదిమందికి చాటుట అపవాదము. సంశయమునకు పాపము లేదు. మూడవ మెట్టు ఎక్కినవానికి పాపము తప్పదు.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని రచ్చకట్ట మీద పెద్దమనుష్యులు తల పంకింతురు. కాని వేసవిలో అనంతపురపు మెట్టల మీద సుడిగాలి లేచినప్పుడు ఎఱ్ఱని దుమ్ము స్తంభమువలె ఆకాశమునకెక్కును. దూరము నుండి చూచువానికది పొగయే. మందను తోలుకొని ఆ దారిని పోవు గొఱ్ఱెల కాపరికి మాత్రము అక్కడ నిప్పు లేదని తెలియును. లోకము పొగయని చూపునది పెక్కు పర్యాయములు ఈ దుమ్మే.

దీనికి ఆస్ట్రేలియా దేశమునందలి ఒక వృత్తాంతము తగిన ఉదాహరణము. అదియును వానలెఱుగని ఎఱ్ఱనేలయే. 1980 ఆగస్టు 17వ తేదీ రాత్రి ఉలూరు అను మహాశిల చెంత విడిదిచేసిన చాంబర్లేన్ దంపతుల తొమ్మిది వారముల ఆడశిశువు అజారియా గుడారమునుండి మాయమయ్యెను. డింగో అను అడవికుక్క ఎత్తుకొనిపోయెనని తల్లి లిండీ మొఱపెట్టెను. లోకము ఆమె మాటను గాక ఆమె ముఖమును పరీక్షించెను. బిడ్డపోయిన తల్లి ఏడువవలసినంత ఏడువలేదనిరి. ఆ దంపతులు అల్పసంఖ్యాకమైన ఒక క్రైస్తవ శాఖకు చెందినవారగుటచే, బిడ్డను బలి యిచ్చిరనియు, అజారియా అను పేరునకే బలి అని అర్థమనియు పుకారు పుట్టించిరి. ఆ పేరునకు నిజమైన అర్థము దైవసహాయమునకు సంబంధించినది. కారులో బిడ్డ రక్తము కనబడినదని నిపుణులు సాక్ష్యమిచ్చిరి. 1982 అక్టోబరు 29న తల్లికి యావజ్జీవ కారాగారశిక్ష పడెను. 1986లో ఆ శిల మీదినుండి పడిపోయిన మఱియొక యాత్రికుని కొఱకు వెదకుచుండగా, శిశువు పైచొక్కా అడవికుక్కల సంచారస్థలముల చేరువ దొరికెను. తల్లిని విడుదల చేసిరి. రక్తమన్న మరకలు కారు తయారీలో శబ్దము నడచుటకు చల్లు పదార్థమని తేలెను. 1988లో శిక్ష రద్దయ్యెను. బిడ్డను అడవికుక్కయే ఎత్తుకొనిపోయెనని మరణవిచారణాధికారి ప్రకటించునప్పటికి 2012వ సంవత్సరము వచ్చెను. ద్వారకలో సింహము చేసిన పనిని కృష్ణునికంటగట్టిరి. ఇచట కుక్క చేసిన పనిని కన్నతల్లికి అంటగట్టిరి.

ఏడువకపోవుట నేరమునకు హేతువెట్లగును? దుఃఖము కొందఱిని నేలబడవేయును. కొందఱిని ఱాయి చేయును. భగవంతుని మీద భారము వేసినవాడు ఆపదలో నిబ్బరముగా నిలుచుట భక్తిలక్షణమని పురాణశ్రవణమున మెచ్చుకొనువారే, ఆ నిబ్బరము పొరుగింట కనబడినప్పుడు దానిని కాఠిన్యమందురు. ఏడ్చినచో నటన యనియు, ఏడువనిచో నేరమనియు పలుకు లోకము ఎదుట ఆ తల్లి ఏమి చేయవలెను?

భారతదేశమునందలి నోయిడా వృత్తాంతము అందఱెఱిగినదే. 2008 మే 16వ తేదీ ఉదయమున పదునాలుగేండ్లు నిండని ఆరుషి తల్వార్ అను బాలిక తన ఇంటిలోనే హతురాలై కనబడెను. ఇంటి పనివాడు హేమరాజ్ కానరాకపోవుటచే అతడే హంతకుడనిరి. మఱునాడు అతని శవము ఆ ఇంటి మేడమీదనే దొరికెను. లోకము హంతకుడని వెదకుచుండిన వేళ అతడు వారి తలలమీదనే హతుడై పడియుండెను. పిదప అనుమానము తల్లిదండ్రుల వైపు మరలెను. చనిపోయిన బాలిక శీలమును గూర్చి కూడ నోటికి వచ్చినట్లు పలికిరి. తండ్రిని నిర్బంధించి, విడిచిరి. 2013 నవంబరులో ఘజియాబాదు ప్రత్యేక న్యాయస్థానము దంపతులిరువురకు యావజ్జీవ శిక్ష విధించెను. 2017 అక్టోబరు 12న అలహాబాదు ఉన్నతన్యాయస్థానము వారిని నిర్దోషులుగా విడుదల చేసెను. ఆ తీర్పుపై అప్పీలును 2018లో సర్వోన్నత న్యాయస్థానము విచారణకు స్వీకరించెను. ఏండ్ల తరబడి సాక్ష్యములు పరిశీలించిన న్యాయస్థానములే భిన్నాభిప్రాయములకు వచ్చినచోట, సాయంకాలపు వార్త విన్న గృహస్థుడు భోజనము ముగియులోపల నిర్ణయము చేయగలుగుట వింత కాదా?

తెలుగునాటను ఇట్టి బాధ కలదు. 2007 డిసెంబరులో విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నము వసతిగృహములో ఒక ఫార్మసీ విద్యార్థిని అత్యాచారమునకు, హత్యకు గుఱియయ్యెను. అట్టి కేసులలో బాధితురాలి పేరు ప్రకటింపరాదని చట్టము చెప్పుచున్నది గావున ఆ పేరు ఇచట వ్రాయబడలేదు. ఎవరెవరి మీదనో పుకార్లు చెలరేగెను. 2008లో ఒక పేద యువకుని పట్టుకొనిరి. 2010లో అతనికి శిక్షపడెను. అతడు తమ బిడ్డను చంపినవాడు కాడని ఆమె తల్లిదండ్రులే పలుమార్లు చెప్పిరి. ఎనిమిదేండ్లకు పైగా చెఱలోనున్న పిదప 2017 మార్చి 31న ఉన్నతన్యాయస్థానము అతనిని నిర్దోషియని విడిచెను. 2018లో సి.బి.ఐ. దర్యాప్తునకు ఆదేశమయ్యెను. 2019 డిసెంబరులో ఆ బిడ్డ అస్థికలను మఱల వెలికి తీసి పరీక్షించిరి. ఎవరినైనను హంతకుడనుటకు లోకమునకంటె ఎక్కువ తొందర ఉండదగినది ఆ తల్లిదండ్రులకు. అయినను వారు దొరికినవానితో తృప్తిపడక, తెలియనిదానిని తెలియదనియే అనిరి.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. "ఇంటివారే బిడ్డలను చంపిన సంఘటనలు లేవా? అందఱును నోరు మూసికొన్నచో దోషి తప్పించుకొనడా?" అని అడుగవచ్చును. ఆక్షేపణ సహేతుకమే. కదిరి లక్ష్మీనరసింహుని సన్నిధిలో ప్రహ్లాదుని దర్శించిన యాత్రికునికి, కన్నతండ్రియే బిడ్డను చంపబూనుట అసంభవమని చెప్పనక్కఱలేదు. కాని హిరణ్యకశిపుని కృత్యము వీధిలో ఊహింపబడినది కాదు. పలువురు కన్నులార చూచినది. ఇట్టి విషయమునందు శాస్త్రము అధికారభేదమును చెప్పును. ఇంటివారినైనను సందేహించి ప్రశ్నించుట పరిశోధకుని ధర్మము. చూచినది, విన్నది దాచక అతని కడ చెప్పుట సాక్షి ధర్మము. దాచినచో అది పాపము. ఇరుపక్షముల వాదము విని నిర్ణయించుట న్యాయాధికారి ధర్మము. ఈ మూడింటిలో దేనికిని చెందనివానికి ఆ విషయమున పలుకు అధికారమే లేదు. సాక్షి మౌనము ఎంత దోషమో, సాక్షి కానివాని వాచాలత అంత దోషము.

శ్రీకృష్ణుడు నింద విని ఏమి చేసెను? తన మహిమను చాటలేదు, నిందించినవారిని శపింపలేదు. పౌరులనే వెంటబెట్టుకొని ప్రసేనుని అడుగుజాడలు పట్టి అడవికేగెను. చచ్చిన గుఱ్ఱమును, చచ్చిన మనిషిని, చచ్చిన సింహమును వారికి కన్నులతో చూపెను. గుహలో ఇరువదియెనిమిది దినములు జాంబవంతునితో పోరి, మణిని దెచ్చి, రాజసభలో అందఱి ఎదుట జరిగినది చెప్పి, సత్రాజిత్తునకే తిరిగి ఇచ్చెను. పురజనులో, పండ్రెండు దినములు గుహద్వారమున వేచి తిరిగివచ్చి, కృష్ణుడు రాకపోవుటకు ఈ సత్రాజిత్తే కారణమని అతనిని తిట్టిరి. నిన్న కృష్ణుని నిందించిన నోరే నేడు సత్రాజిత్తును నిందించెను. జనాపవాదము తన తప్పు తెలిసికొన్నను మౌనము వహింపదు. మఱియొక లక్ష్యమును వెదకుకొనును.

లేపాక్షిలో ఒక స్థలగాథ చెప్పుదురు. విజయనగరాధిపతి అచ్యుతరాయల కాలమున ఆ ఆలయమును నిర్మింపించిన విరూపణ్ణ మీద రాజధనము దుర్వినియోగము చేసెనన్న నింద పడెను. అతడు తన కన్నులు తానే పెఱికి గోడకు కొట్టెనట. గోడమీది రెండు ఎఱ్ఱని మరకలను నేటికిని యాత్రికులకు చూపుదురు. ఆ నిందను మొదట పలికినవాడెవ్వడో ఎవరును ఎఱుగరు. పలికినవాడు మరుగున పడును. మరక మాత్రము నిలుచును. తీర్పు మాఱవచ్చును గాని, "వీరేనట" అని వ్రేలు చూపిన వీధిలో ఆ కుటుంబము మునుపటివలె నడువజాలదు.

కావున అట్టి ఇంటి ఎదుట పొరుగువానికి మిగిలిన ధర్మమేమి? పొయ్యి వెలుగని ఆ ఇంటికి అన్నము పంపుట. మిగిలిన పిల్లలను బడికి తోడ్కొనిపోవుట. తెలిసినదున్నచో అధికారికి చెప్పుట. తెలియనిదానిని గూర్చి ఎవరైన అడిగినచో "తెలియదు" అనుట. ఈ "తెలియదు" అను మాట పలుకుటకు ధైర్యము కావలెను. హంతకుడు తెలియని హత్య ఊరందఱికిని భయము కలిగించును. "అది ఆ ఇంటి పాపము, మా ఇంటికి రాదు" అనుకొన్నచో ఆ భయము తీరును. తన నిద్ర కొఱకు పరుని తల్లిని హంతకిని చేయుటయే అపనింద యొక్క మూలము.

నిద్రించుచున్న ఐదుగురు కుమారులను చంపిన అశ్వత్థామను అర్జునుడు బంధించి తెచ్చినప్పుడు, ద్రౌపది అతనిని విడువుమని వేడెను. తాను ఏడ్చినట్లు అతని తల్లి ఏడువరాదని ఆమె కోరిక. హంతకుడు ఎదుట నిలిచియున్నను, అతని నేరము నిశ్చయమైనను, ఆ తల్లి మఱియొక తల్లి దుఃఖమునే తలచెను. హంతకుడెవ్వడో తెలియని వారు, బిడ్డను కోల్పోయిన తల్లిని నోటితో మఱల కొట్టకుండుట అంతకంటె ఎంత స్వల్పమైన నియమము! ఆ స్వల్పనియమమును పాటించు నాలుకను ప్రహ్లాదవరదుడు ప్రతి గృహస్థునకు అనుగ్రహించుగాక.