బుద్ధికి సత్యమే బలము

అసత్యమాడి పని చక్కబెట్టుకొనినవానిని లోకము బ్రతుకనేర్చినవాడని మెచ్చుకొనును. ఉన్నదున్నట్లు చెప్పి నష్టపడినవానిని వెఱ్ఱిబాగులవాడని తలచి జాలిపడును. తెలివి పెరిగినకొలది సత్యముతో పని తగ్గునను నమ్మకము ఈ రెండు మాటలలోను దాగియున్నది. అది ఎంతవఱకు నిజమో విచారింపవలసియున్నది.

ఇందు కొంత నిజము లేకపోలేదు. అబద్ధమాడుటకు బుద్ధి కావలయును. తన మనస్సులో నున్నది ఎదుటివారికి కనబడదని గ్రహించిన పిదపనే శిశువు తొలి బొంకు బొంకగలుగును. కాని ఒక పనికి శక్తి చాలుట వేఱు. ఆ పనిచే ఆ శక్తి వృద్ధినొందుట వేఱు. కత్తితో రాతినైనను కొట్టవచ్చును. కొట్టినకొలది దాని పదును పోవునేగాని పెరుగదు.

ఈ విషయము ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణమున చక్కగా బోధపడును. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రమునుండి అచటికి తరలిపోయిన తెలుగు కుటుంబములు తరతరములుగా వర్క్‌షాపులోను, స్టేషన్లలోను, బండ్లమీదను పనిచేయుచు వచ్చినవి. రైలు డ్రైవరు ముందున్న దారినంతటిని కంటితో చూచి బండి నడుపజాలడు. సిగ్నలు మాట నమ్మి నడుపును. పాయింట్లు ఏ దారికి కుదిరియున్నవో సిగ్నలు ఆ దారినే చెప్పవలెను. ఈ రెండును భిన్నముగా నుండుటకు వీలులేకుండ చేయు ఏర్పాటునకు ఇంటర్‌లాకింగు అని పేరు. ఎందఱో మేధావుల తెలివి అందు నిక్షిప్తమై యున్నది. ఆ తెలివియంతయు సిగ్నలు అబద్ధమాడకుండుట కొఱకే.

2023 జూన్ 2వ తేదీ సాయంకాలము ఖరగ్‌పూరు డివిజనులోని బహనగా బజారు స్టేషనువద్ద ఈ పొందిక చెడినది. చెన్నైకి పోవుచున్న కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనున పొమ్మని సిగ్నలు చెప్పెను. పాయింట్లు మాత్రము గూడ్సుబండి నిలిచియున్న లూపు లైనుకు కుదిరియుండెను. ఆ ప్రమాదమున 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు సర్క్యూటులో అంతకుముందు జరిగిన మార్పులలోని లోపములును, లెవెల్ క్రాసింగు గేటు పనిలోని లోపములును కారణములని విచారణలో తేలినది. 2022 మే నెలలో అదే డివిజనులో మఱియొక స్టేషనువద్ద ఇట్టి వైరింగు లోపమే బయటపడినదనియు, అప్పుడే తగిన చర్య తీసికొనియుండినచో ఈ విపత్తు తప్పియుండెడిదనియు రైల్వే భద్రతా కమిషనరు నివేదిక పేర్కొనెను.

పొరపాటు అబద్ధము కాదు. కాని చెప్పిన దానికిని ఉన్న దానికిని పొందిక తప్పినచో, నమ్మినవాని గతి యేమగునో ఈ ఘటన చూపుచున్నది. తెలియక జరిగినదే ఇంతటి కీడు చేయగా, తెలిసి తెలిసి నమ్మినవానికి తప్పుదారి చూపువాని తెలివిని ఏమని మెచ్చుకొందుము?

కురుక్షేత్రమున ద్రోణుడు కుమారుని మరణవార్తను ఇతరులు చెప్పగా నమ్మక, ధర్మరాజు నడిగెను. ఆజన్మము సత్యమాడినవాడు గనుకనే ఆయన మాట నమ్మెను. ఏనుగు చచ్చిన మాట అక్షరములలో నిజమే. వినువాని మనస్సులో మాత్రము అబద్ధము. అంతవఱకు నేలకు నాలుగంగుళముల పైన నడచుచుండిన ధర్మరాజు రథము ఆ క్షణమున నేలకు దిగినదని భారతము చెప్పుచున్నది. ఇందు గ్రహింపవలసినది రెండు విషయములు. అబద్ధము సత్యము పేర అప్పు తెచ్చుకొని బ్రతుకును. లోకమున సత్యసంధులే లేనిచో దానిని నమ్మువారే యుండరు. మాటలోని అక్షరములు నిజమైనంతమాత్రమున మాట నిజము కాదు. వినువానిని ఏ దారికి పంపినదో చూడవలయును.

బొంకువానికి కలుగు పెద్ద నష్టము లోకమువలన గాదు. శరీరమను రథమునకు బుద్ధి సారథియని కఠోపనిషత్తు బోధించుచున్నది. ఒక అబద్ధమాడినవాడు ఎవరితో ఏమి చెప్పెనో నిత్యము జ్ఞాపకముంచుకొనవలెను. దానిని కాపాడుటకు మఱియొకటి కల్పింపవలెను. ఉన్నదానిని తెలిసికొనుటకై పుట్టిన బుద్ధి, ఉన్నదానిని కప్పిపుచ్చుటయందే అలసిపోవును. తుదకు తన దోషము తనకే కనబడకుండ కప్పుకొనును. అప్పుడు సారథికే తప్పుడు సిగ్నలు అందుచుండును. ఆత్మవిచారమునకు బయలుదేఱిన సాధకునికి ఇంతకు మించిన ప్రమాదము లేదు.

శ్రీరామకృష్ణ పరమహంస జగన్మాత పాదములకడ జ్ఞానాజ్ఞానములను, శుచ్యశుచులను, ధర్మాధర్మములను సమర్పించెను. సత్యమును మాత్రము సమర్పింపజాలకపోయెను. సత్యపాలనమే ఈ కలియుగమున తపస్సని ఆయన బోధించుచుండెను. గొప్ప చదువు లేని ఆయనయెదుట మహాపండితులు మౌనము వహించిరన్న ఆశ్చర్యమేమి? దేనిని కప్పిపుచ్చవలసిన పనిలేని బుద్ధి నిర్మలమై యుండును. నిర్మలమైన దానియందే తత్త్వము ప్రతిబింబించును.

సత్యమనగా కఠినముగా పలుకుట కాదు. చెప్పరాని చోట మౌనము తగియున్నది. కాని మనపై నమ్మకముంచి అడుగువానికి చెప్పు మాట, పాయింటు కుదిరిన తీరునే చెప్పు సిగ్నలు వలె నుండవలెను. తప్పు కనబడిన దినముననే తప్పని ఒప్పుకొనవలెను; రేపటికి దాచిన తప్పు రేపటి ఆపదగును. తనవలన అనుదినము ఎవరెవరు ఏ మాట నమ్మి బయలుదేఱుచున్నారో పరిశీలించుకొనువాడే నిజముగా బ్రతుకనేర్చినవాడు.